తండ్రుల ఫోన్ నంబర్లు

ఏడాదికొకసారి మాకు గుంపును చెదరగొట్టడం నేర్పేవారు. పొద్దున్నే పరేడ్ గ్రౌండ్‌లో నిలబెట్టి, సగం మందిని పోలీసులుగా ఒక పక్కన, మిగతా సగాన్ని అల్లరిమూకగా ఇంకో పక్కన పెట్టేవారు. మూకలో ఉన్నవాళ్లు యూనిఫాం మీద పాత చొక్కాలు తొడుక్కుని, తలకు తువ్వాళ్లు చుట్టుకుని, నినాదాలిస్తూ మా మీదికి రావాలి. టమాటాలు విసరాలి. మేము ఒక బ్యానర్ విప్పి పట్టుకోవాలి. ‘మీది చట్టవిరుద్ధమైన గుంపు, వెంటనే చెదిరిపోండి’ అని దాని మీద పెద్ద అక్షరాలుండేవి. రాళ్లు పట్టుకుని వచ్చే మూక మధ్యలో ఆగి దాన్ని చదువుకుంటుందని ఏ మహానుభావుడికి తోచిందో నాకు ఇప్పటికీ తెలియదు. బ్యానర్ తర్వాత మైకులో హెచ్చరిక, ఆ తర్వాత ఈల, ఆ తర్వాత లాఠీ. దెబ్బ నడుము కిందే పడాలని పదిసార్లు చెప్పేవారు. బయట రోడ్డు మీద ఆ మాట గుర్తున్నవాడు ఒక్కడూ కనపడలేదు.

మూక వేషానికి మావాళ్లలో పోటీ ఉండేది. ఏడాదంతా నోరు మూసుకుని పడి ఉండేవాళ్లకు గొంతెత్తి అరిచే పూట అదొక్కటే మరి. ఒకసారి ‘పోలీసు జులుం నశించాలి’ అని అరుస్తూ అరుస్తూ వెనక వరుసలో ఒక హోంగార్డు ‘వారానికొక సెలవు ఇయ్యాలె’ అన్నాడు. పక్కవాళ్లు అందుకున్నారు. రెండు నిమిషాల్లో మూక మొత్తం దాన్నే పట్టుకుంది. పోలీసు వేషంలో ఉన్న మేము కూడా లాఠీలు దించి నవ్వుకుంటూ నిలబడ్డాం. తనిఖీకి వచ్చిన పై అధికారి మొహం కందగడ్డ అయింది. ఈల వేసి డ్రిల్లు ఆపించాడు. సెలవు మాత్రం రాలేదు.

ఇరవై ఆరేళ్లు చేశాను ఆ ఉద్యోగం. కానిస్టేబుల్‌గా చేరి, హెడ్ కానిస్టేబుల్ అయ్యాక సర్వీసు ఇంకా ఉండగానే దిగిపోయాను. ఆడవాళ్లు ఎక్కడ కూర్చుంటే అక్కడికి నన్ను పంపేవారు. అంగన్‌వాడీ టీచర్లు, ఆశా వర్కర్లు, బీడీలు చుట్టేవాళ్లు, నీళ్ల కోసం ఖాళీ బిందెలతో వచ్చేవాళ్లు, అందర్నీ రెక్కలు పట్టి లేపాను. గోళ్లు గీరుకున్నవాళ్లున్నారు, శాపనార్థాలు పెట్టినవాళ్లున్నారు. వాళ్లెవరూ నాకు కలలోకి రారు. ఒక్క పిల్ల వస్తుంది. దాన్ని నేను చేత్తో తాకను కూడా లేదు.

ఆ పిల్ల సంగతి చెప్పేముందు మా బందోబస్తుల వైభవం కొంచెం చెప్పాలి. లేకపోతే మేమెంత తెలివైనవాళ్లమో మీకు అర్థం కాదు.

మెదక్‌లో ధర్నా అంటే రాందాస్ చౌరస్తా. అక్కడ జరిగేదాన్ని ధర్నా అనాలంటే నాకు నవ్వొస్తుంది. ముందురోజే నాయకుడు మా ఠాణాలో రైటర్‌కు, అంటే కూర్చుని కాగితాలు రాసే కానిస్టేబుల్‌కు, ఫోన్ చేసేవాడు.

“అన్నా, రేపు పదకొండుకు కూసుంటున్నం. పేపరోళ్లు పదకొండున్నరకు వస్తరట. అప్పటిదాంక జర లేపకుండ్రి.”

“మంచిది గని, దిష్టిబొమ్మ ఉన్నదా? ఉంటె రెండు బకెట్ల నీళ్లు పెట్టిస్త.”

“ఉన్నది. గడ్డి ఎక్కువ పెట్టలే, పరేషాన్ గాకుండ్రి.”

పెళ్లి మాటలు కూడా ఇంత పద్ధతిగా జరగవు. మరునాడు పదకొండింటికి వాళ్లు కూర్చునేవారు, మేము చుట్టూ నిలబడేవాళ్లం. కెమెరాలు వచ్చేదాకా మా ఎస్సై వాచీ చూసుకుంటూ ఉండేవాడు. కెమెరా కనబడగానే ఆయన గొంతు మారేది, నాయకుడి గొంతూ మారేది. గడ్డి బొమ్మను వాళ్లు ఇటు లాగేవారు, మావాళ్లు అటు లాగేవారు. చివరికి తల ఒకరి చేతిలో, పాత ప్యాంటు ఒకరి చేతిలో మిగిలేది. తర్వాత అరెస్టు. వాళ్లలో ఒక పెద్దమనిషికి భుజం నొప్పి. లేపడానికి వెళ్తే నినాదం ఆపేసి, మెల్లగా, “కుడి రెక్క పట్టకుండ్రి, దవాఖానల చూపించుకుంటున్న” అని చెప్పి మళ్లీ నినాదం అందుకునేవాడు. ఆ ఆవేశమంతా డీసీఎం వ్యాన్ ఎక్కేదాకానే. ఎక్కాక వెనక తలుపు దగ్గర గాలి తగిలే చోటు కోసం వాళ్లలో వాళ్లకే తగువు. ఠాణాలో ఉప్మా, చాయ్, సాయంత్రం పూచీకత్తు మీద సంతకం, ఇళ్లకు. మరునాడు పేపర్లో ‘తీవ్ర ఉద్రిక్తత’ అని వార్త. ఆ ఉద్రిక్తత జరుగుతున్నంతసేపూ మా డ్రైవర్ వ్యాన్‌లో గుర్రు పెట్టి నిద్రపోయేవాడని ఎవరూ రాయలేదు.

ఈ తంతుకు మేమెంత అలవాటు పడ్డామంటే, నిజంగా ఏదో కావాలని రోడ్డు మీదికొచ్చేవాళ్లు ఎలా ఉంటారో మరిచిపోయాం. అందుకే బస్ డిపో ముందు ఆ ఆడపిల్లలు కూర్చున్న రోజు మాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

నాలుగేళ్ల కిందటి మాట. ఎండలు మొదలైన రోజులు. డిగ్రీ చదివే పిల్లలు, ముప్పై మందికి పైనే ఉంటారు. అందరూ కుల్చారం దాటి లోపలి ఊళ్లవాళ్లు. కాలేజీ నాలుగింటికి వదిలితే నాలుగున్నరకు వాళ్లకు ఒక బస్ ఉండేది. దాన్ని ఒక రోజు చెప్పాపెట్టకుండా తీసేశారు. తర్వాతది ఆరున్నరకు. అది ఊరు చేరేసరికి చీకటి. చీకటి పడ్డాక ఇల్లు చేరే ఆడపిల్లను చదివించే తండ్రులు ఆ ఊళ్లలో ఎందరుంటారో లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్లు ఎక్కువ. ఆటో ఎక్కితే తప్పు, క్లాసు పిల్లాడి బండి ఎక్కితే మహాపరాధం. అంటే బస్ పోతే చదువు పోయినట్టే. ఇది తెలియడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. పిల్లలు మూడుసార్లు అర్జీ ఇచ్చారు. ‘పైకి రాసినం’ అన్నారు డిపోవాళ్లు. ఆ పైన ఎవరుంటారో, వాళ్లు కిందికి ఎప్పుడు చూస్తారో దేవుడికే తెలియాలి.

ఇక ఆ పిల్లలు ఎవరికీ ఫోన్ చేయలేదు. రైటర్‌కూ చేయలేదు, పేపరోళ్లకూ చేయలేదు. ఒక మధ్యాహ్నం కాలేజీ నుంచి నడుచుకుంటూ వచ్చి డిపో గేటుకు అడ్డంగా కూర్చున్నారు. మైకు లేదు, ఫ్లెక్సీ లేదు, టెంటు లేదు. ఒక చార్టు కాగితం మీద స్కెచ్ పెన్నుతో ‘మా బస్సు మాకియ్యాలె’ అని రాసుకున్నారు. లోపలి బస్సులు లోపల, బయటి బస్సులు బయట ఆగిపోయాయి.

మా ఎస్సై జీపు దిగి మామూలుగా అడిగే ప్రశ్నే అడిగాడు. “మీ లీడర్ ఎవరు?”

“ఎవ్వరు లేరు సార్.”

“లీడర్ లేకుంట ఎట్ల కూసున్నరు?”

“బస్ లేదు సార్, గందుకే కూసున్నం.”

పాపం, ఆయనకు తర్వాతి ప్రశ్న తెలియదు. నాయకుడు ఉంటే పక్కకు పిలిచి భుజం మీద చెయ్యేసి మాట్లాడతాడు. ఇక్కడ ఎవరి భుజం మీద వేస్తాడు? ‘ఎప్పుడు లేస్తరు’ అంటే ‘బస్ ఇయ్యంగనే’ అన్నారు. ‘అరెస్ట్ చేస్త’ అంటే ముప్పై మందీ ఒకేసారి లేచి వ్యాన్ వైపు నడిచారు. అరెస్టయితే పరీక్షలు ఆపుతారా అని ఒక పిల్ల అడిగింది. అంతమందినీ ఠాణాకు తీసుకుపోతే కూర్చోబెట్టడానికి చోటు లేదు, ఆడ కానిస్టేబుళ్లం నలుగురమే ఉన్నాం. మళ్లీ కూర్చోమని ఎస్సైయే బతిమాలాడు. పోలీసులే ధర్నాకు కూర్చోబెట్టడం నేను అదే మొదటిసారి చూశాను.

అప్పుడు సీఐ వచ్చాడు. ఆయన తెలివైనవాడని పేరు. చుట్టూ చూశాడు. ప్రతి పిల్ల చేతిలో సెల్‌ఫోన్. ఆగిపోయిన బస్సుల కిటికీల్లోంచి ఇంకో వంద సెల్‌ఫోన్లు. ఆడపిల్లల మీద లాఠీ ఎత్తితే సాయంత్రానికి రాష్ట్రమంతా చూస్తుంది. ఆయన మమ్మల్ని గోడ పక్కకు పిలిచాడు.

“లాఠీ వద్దు. వీళ్ల నాయినలకు ఫోన్ చేయుండ్రి. ఎవని బిడ్డను వాడే తీస్కపోతడు.”

ఎస్సై కాగితం పట్టుకుని నంబర్ల కోసం బయలుదేరాడు. పిల్లలు టకటకా చెప్పేశారు. ఆయన పొంగిపోయి మొదటి నంబర్ నొక్కాడు. డిపో ఆఫీసులో టేబుల్ మీద ఫోన్ మోగింది. గేటు మీద బోర్డులో రాసి ఉన్న ఎంక్వయిరీ నంబర్‌నే చెప్పింది మొదటి పిల్ల, ఆయన తల మీదుగా చూసి చదువుతూ. ముప్పై మందీ ఒకటే నవ్వు. మేమూ మొహాలు తిప్పుకుని నవ్వాం. సీఐ పళ్లు కొరికాడు.

నవ్వి ఊరుకుంటే ఈ రోజు ఇది రాయాల్సిన పని ఉండేది కాదు. నేను ముందుకెళ్లి, “సార్, నేనడుగుత” అన్నాను. ఎవరూ చెప్పలేదు నన్ను. ఆ నిమిషాన ఆ మగవాళ్లందరి ముందూ నేను పనికొచ్చేదాన్నని చూపించుకోవాలనిపించింది. ఇరవై రెండేళ్లుగా ఆడవాళ్ల రెక్కలు పట్టి లేపడానికి తప్ప ఎందుకూ పిలవలేదు మరి. నా బుద్ధికి ఇప్పుడు నాకే ఉమ్మేయాలనిపిస్తుంది.

టోపీ తీసి జీపులో పెట్టాను. ఒక నోట్‌బుక్కు తీసుకుని వెళ్లి పిల్లల మధ్యలో రోడ్డు మీద చతికిలబడ్డాను. మా అమ్మగారి ఊరు అటువైపే. ఠాణాలో మాట్లాడే మాట వేరు, ఇంట్లో మాట్లాడే మాట వేరు నాకు. ఇంటి మాట బయటికి తీశాను.

“ఏ ఊరు బిడ్డా మీది? అయ్యో, గా ఊరా. మా అమ్మగారి ఊరు మీ పక్కదే గదా. ఎండల గిట్ల కూసుంటే మొఖాలు మాడిపోవా?”

రెండు నిమిషాల్లో నా చుట్టూ చేరారు. అప్పుడు చెప్పాను. “బస్ మల్ల ఎయ్యాలంటె ఏ ఊరికి ఎంతమంది ఉన్నరో లిస్టు గావాలెనట. పేరు, ఊరు, నాయిన పేరు, నాయిన నంబర్ చెప్పుండ్రి. నేనే లోపటికి పోయి ఇస్త.”

పచ్చి అబద్ధం. నా గొంతు వణకలేదు. కన్ను కూడా అదరలేదు.

గేటు ఊచలకు ఆనుకుని ఒక పిల్ల కూర్చుని ఉంది. బక్కపలచని పిల్ల. ఒళ్లో జువాలజీ రికార్డు పెట్టుకుని పెన్సిల్‌తో కప్ప గుండె బొమ్మ వేస్తోంది. అంత గోలలోనూ గీత గీతకూ ఆగి చూసుకుంటోంది.

“ధర్నాకొచ్చి బొమ్మలేస్తున్నవా?” అన్నాను.

“రేపు రికార్డు ఇయ్యాలె పెద్దమ్మా.”

పెద్దమ్మా అంది. ఆ యూనిఫాంలో ఉండగా నన్నెవరూ అలా పిలవలేదు. నాకు నచ్చింది కూడా. “ఏ ఇయర్?” అని అడిగాను.

“ఫైనల్. ఇంక ఆఖరి సెమిస్టర్ పరీక్షలే ఉన్నయి, మూడు వారాలు. అవి రాస్తె బీఈడీకి పోత. బస్ లేకుంటె మాత్రం మా నాయిన బంద్ పెట్టిస్తనంటున్నడు. ఇంటికాడ రోజు గదే లొల్లి.”

“మీ ఇంట్ల ఎవరన్న చదివిన్రా?”

“నేనే ఫస్టు పెద్దమ్మా.”

“మీ నాయిన ఏం పని జేస్తడు?”

“మేస్త్రీ. ఇప్పుడు చేగుంటల ఇల్లు కడుతుండు.”

తండ్రి పేరు చెప్పింది, నంబర్ చెప్పింది. నేను రాస్తుంటే మెడ వంచి నోట్‌బుక్కులోకి చూసింది. “ఆఖర్ల మూడు కాదు పెద్దమ్మా, ఎనిమిది” అంది. నేను కొట్టేసి ఎనిమిది రాశాను.

లేచి డిపో వరండాలో గోడ చాటుకు వచ్చాను. లిస్టు చింపి ముగ్గురం పంచుకున్నాం. సగం నంబర్లు తప్పు. సగం మోగాయి, మాకు ఆ సగం చాలు. ఏం మాట్లాడాలో సీఐ చెప్పి పెట్టాడు. ‘మీ బిడ్డ నడిరోడ్డు మీద ధర్నాల కూసున్నది. కేసైతది. కేసైతె నౌకరి రాదు. జల్ది వచ్చి తీస్కపోండ్రి.’ అంతే చెప్పాలి.

మేస్త్రీకి నేనే చేశాను. వెనక ఇసుక జల్లెడ పడుతున్న చప్పుడు వినిపిస్తోంది. చెప్పాల్సింది చెప్పాను.

“మా బిడ్డనా మేడం? మా బిడ్డ గసొంటిది గాదు. మల్లొకసారి చూడుండ్రి.”

అక్కడ ఆగి ఫోన్ పెట్టేయొచ్చు. పెట్టేయలేదు. పక్కనే సీఐ నిలబడి వింటున్నాడు. “గసొంటిది కాకుంటె రోడ్డు మీద ఎందుకున్నది? మొగోళ్లందరు సూస్తుండంగ కూసున్నది. ఆడపిల్లను గిట్లనేనా రోడ్డుకు ఇడిసిపెట్టేది?” అన్నాను. సీఐ తల ఊపాడు. అటు నుంచి “వస్తున్న” అని మాత్రం వినబడింది.

ముక్కాలు గంటలో తండ్రులు రావడం మొదలైంది. బండ్లు రోడ్డుకు అడ్డంగా ఆపి, చెప్పులు టపటపలాడించుకుంటూ. ఒకాయన వస్తూనే కూతురి చెంప మీద కొట్టాడు. మేము కొట్టకూడదు గానీ తండ్రి కొట్టొచ్చు, నడుము కిందే కొట్టాలన్న రూలు ఆయనకు లేదు. ఇంకొకాయన జడ పట్టి లేపాడు. మా ఎస్సై గొడుగు కింద నిలబడి చూశాడు. ఒక్క తండ్రి మాత్రం వేరే రకం. వచ్చి కూతుర్ని, “బస్ ఇచ్చిన్రా?” అని అడిగాడు. లేదంది. “మరెందుకు లేస్తున్నవ్? కూసో” అని తనూ పక్కన కూర్చున్నాడు. ఆయన్ని మేము వ్యాన్ ఎక్కించాం. ఆ రోజు అరెస్టు చేసింది ఆ ఒక్కణ్నే.

మేస్త్రీ ట్రాలీ ఆటోలో వచ్చాడు. మోచేతుల దాకా సిమెంటు ఎండిపోయి ఉంది. కూతుర్ని ఏమీ అనలేదు. నేరుగా నా దగ్గరికి వచ్చి రెండు చేతులూ జోడించాడు.

“తప్పయింది మేడం. ఇంకొకపారి గిట్ల కాదు.”

ఆ పిల్ల ఆయన చేతులు చూసింది, నన్ను చూసింది, నా చేతిలో నోట్‌బుక్కు చూసింది. దానికి అర్థమైంది. ఏడుస్తుందేమో, తిడుతుందేమో అనుకున్నాను. రికార్డు మూసి సంచిలో పెట్టుకుంది. ఆయన “నడువ్” అన్నాడు, నడిచింది.

ఇంకో గంటకు గేటు ఖాళీ. తప్పుడు నంబర్లు చెప్పినవాళ్లు కూడా తోటివాళ్లు పోయాక ఎంతసేపని కూర్చుంటారు? లేచి ఆరున్నర బస్ ఎక్కారు. ఒక్క రాయి లేదు, ఒక్క లాఠీ లేదు, పేపర్లో ఒక్క ఫొటో లేదు. సీఐ ఆనందం అంతా ఇంతా కాదు. నాకు ప్రశంసాపత్రం ఇచ్చారు. ‘సమయస్ఫూర్తితో, ఎంతో సంయమనంతో శాంతిభద్రతలు కాపాడినందుకు’ అని రాసి ఉంది. సంయమనం అట. ఆ మాట చూస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. ఆ ఏడాది డ్రిల్లులో నన్ను ముందు నిలబెట్టి ఆ కథ చెప్పించారు కూడా. మూక వేషంలో ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు.

బస్ మళ్లీ వేశారు, రెండు వారాలకు. ఎవరు అడిగితే వేశారో తెలియదు. ఒక నాయకుడు మాత్రం అది తన విజయమని ఫ్లెక్సీ పెట్టించుకున్నాడు. నాలుగున్నరకు కదలాల్సిన బస్ ఆయన వచ్చి జెండా ఊపేదాకా, ఐదుంపావు దాకా కదల్లేదు. పిల్లలు లోపల చెమటలు కక్కుతూ కూర్చున్నారు. బస్ చుట్టూ జనం మీద పడకుండా తాడు పట్టుకుని నిలబడ్డవాళ్లలో నేనూ ఉన్నాను. జనం ఎవరయ్యా అంటే ఆయన వెంట వచ్చినవాళ్లే. ఆయన్ని ఆయన మనుషుల నుంచి కాపాడాం మేము ఆ పూట.

కిటికీ కిటికీకీ చూసుకుంటూ వెళ్లాను. ఆ పిల్ల లేదు. దాని పక్కన ఆ రోజు కూర్చున్న పిల్లను గుర్తుపట్టి అడిగాను.

“అది వస్తలేదు మేడం. ఆ దినంకెళ్లి వాళ్ల నాయిన బంద్ చేసిండు.”

“బస్ వచ్చింది గదా. మరి పరీక్షలు?”

“హాల్ టికెట్ వచ్చింది. గురువారంకెళ్లి పరీక్షలు. పంపిస్తలేడు.”

చెబుతూనే అద్దం మూసేసింది. ఆ ఎండలో.

పరీక్షలకు ఇంకా మూడు రోజులున్నాయనగా సెలవడిగాను, జ్వరమని అబద్ధం చెబితే గానీ ఇవ్వలేదు. మామూలు చీర కట్టుకుని స్కూటీ మీద ఆ ఊరు వెళ్లాను. ఇల్లు వెతుక్కోవడం కష్టం కాలేదు. మేస్త్రీ ఇంటి దగ్గరే ఉన్నాడు. నన్ను చూడగానే లేచి, ప్లాస్టిక్ కుర్చీ తువ్వాలుతో తుడిచి, “రండ్రి మేడం, కూసోండ్రి” అన్నాడు. చీరలో ఉన్నా నన్ను పోలీసుగానే చూశాడు. భయపడ్డాడు కూడా.

“భయపడకుండ్రి. కేసు లేదు, గీసు లేదు. బిడ్డ పరీక్షల కోసం వచ్చిన” అన్నాను. “బస్ వేసిన్రు గదా. పొద్దుండంగనే ఇంటికొస్తది. పంపుండ్రి.”

“బస్ సంగతి కాదు మేడం.”

“మరేంది?”

ఆయన కింద కూర్చున్నాడు. “ఆ దినం మీరు ఫోన్ల ఏమన్నరో యాదికున్నదా? నేను గోడ మీద ఉన్న. చేతుల నిండ సిమెంటు. ఫోన్ ఎత్తి స్పీకర్ల పెట్టమని కూలి మనిషికి చెప్పిన. మీరన్న మాట పదిమంది విన్నరు. ఆడపిల్లను గిట్లనేనా రోడ్డుకు ఇడిసిపెట్టేది అన్నరు. వాళ్లంత మా ఊరోళ్లే.”

“గది నేను ఊకె అన్న. మీరు జల్ది రావాలెనని అన్న” అన్నాను.

“ఊకె అన్నరా?” అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. నిజంగా తెలుసుకుందామని అడిగినట్టే ఉంది. “మీకు ఊకెనే మేడం. మాకు గది పోలీసు మాట. నా బిడ్డను పోలీసోళ్లు గట్ల అన్నరని ఊరంత చెప్పుకుంటున్నరు. ఇప్పుడు మీరే వచ్చి పంపుమంటున్నరు. నేను ఏ మాట వినాలె?”

“నాలుగు పరీక్షలే. నేనే నా బండి మీద తీస్కపోయి మల్ల ఇంట్ల దించుత.”

“పోలీసు బండి మీదనా?” అన్నాడు ఆయన, తల పక్కకు తిప్పుకుని.

నేనింకా ఏదేదో చెప్పాను. కాలేజీ ప్రిన్సిపాల్‌తో మాట్లాడిస్తానన్నాను. పదిమంది ముందు తప్పు నాదేనని చెబుతానన్నాను. ఆయన విన్నాడు. నా మీద ఉన్న మర్యాదకు మధ్యలో అడ్డు రాలేదు. అంతా అయ్యాక చేతులు జోడించి, “మమ్ముల ఇడిసిపెట్టుండ్రి మేడం” అన్నాడు. డిపో దగ్గర జోడించినట్టే.

ఆ పిల్ల పరీక్షలు రాయలేదు. గురువారం నేను కాలేజీ గేటు దగ్గర బందోబస్తు అడిగి మరీ వేయించుకుని, గంట కొట్టేదాకా నిలబడ్డాను. ఇప్పుడు ఎక్కడుందో, ఏం చేస్తోందో నాకు తెలియదు. అడిగే మొహం లేదు.

ఆ రోజు వాళ్లింటి నుంచి బయటికొచ్చి స్కూటీ తీస్తుంటే ఆ పిల్ల చెంబుతో నీళ్లు పట్టుకొచ్చింది. వేళ్లు సిమెంటుకు పగిలి ఉన్నాయి. తండ్రితో పాటు పనికి పోతోందన్నమాట. నన్ను తిట్టు బిడ్డా అన్నాను. అది తిట్టలేదు. నేను నీళ్లు తాగేదాకా నిలబడి, చెంబు తీసుకుంది.

“మా దోస్తులు దొంగ నంబర్ చెప్పుమని గిల్లిన్రు పెద్దమ్మా. మా మాట మాట్లాడుతది, మనామె అని నేనే నిజం చెప్పిన.”